యాభై మైళ్ళ హామీ

గర్మోన్ గొంతుక్కూర్చుని
వేళ్ళ కణుపులతో టైరు చెంప మీద కొట్టాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"నాలుగూ అరిగిపోయాయి, హైల్‌వెన్.
మళ్ళీ ఇవే వేయనా, మామూలువి వేయనా?"

ట్రెగారోన్ వీధిలో వాన అడ్డంగా కురుస్తోంది.
నేను జవాబు చెప్పలేదు. టీ చల్లారిపోనిచ్చాను.

ఇవి రన్‌ఫ్లాట్‌లు. గాలి పోయినా కూలబడవు.
పక్కగోడల్లో మందపాటి రబ్బరు
బండి బరువంతా నెత్తినేసుకుని
యాభై మైళ్ళు లాక్కొస్తుంది, తొందరపెట్టకపోతే.
ఉత్తమాట కాదు. ఒకసారి చూశాను.

పోయిన నవంబరు, అబర్‌గ్వెసిన్ కొండదారి,
ఫోను చచ్చిపోయే చోట
కళ్ళెదురుగా పసుపు దీపం వెలిగింది.
అంతే. చప్పుడు లేదు, ఒక పక్కకి లాగడం లేదు.
ఇంటి ముందు దిగి టార్చి వేస్తే
వెనక ఎడమ చక్రంలో కంచె మేకు,
వేలెడంత.
ఆ రాత్రి తడి కోటు విప్పకుండానే
వంటింట్లో చాలాసేపు నిలబడిపోయాను.

మరింకా ఎందుకీ తటపటాయింపు?

నేను పియానోలు శ్రుతి చేస్తాను, ముప్పై ఒక్క ఏళ్ళుగా.
చాపెళ్ళలో, బళ్ళలో,
వాయించేవాళ్ళు పోయాక ఫోటోలు మోయడానికే మిగిలిన
ముందుగదుల్లో.
ఈ టైర్ల కడుపులో మాట దాగదు.
ప్రతి గులకరాయీ, తారులో ప్రతి అతుకూ,
గొర్రెలు దాటకుండా వేసిన ప్రతి ఇనప కమ్మీ
నా వెన్నుకి చెప్పేస్తాయి.
గంటన్నర నడిపి తలుపు తడితే
చెవిలో ఒక మోత ఇంకా తిరుగుతూనే ఉంటుంది.
పోయిన నెల లాంపిటర్ బడిలో
రెండు తీగల మధ్య కొట్టుకుంటున్న అల
పియానోదో నాదో తేలలేదు.
కళ్ళు మూసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను, అరగంట.
ప్రార్థన చేస్తున్నాననుకున్నారు పిల్లలు.
గుసగుసలు కూడా మానేశారు, పాపం.

గర్మోన్ లెక్కలు చెప్పాడు.
ఇవి మూడోవంతు ఖరీదెక్కువ. గాలి లేకుండా నడిచిందా,
ఇక అతుకు వేయడు, పారేయడమే.
మామూలువి మెత్తన, కానీ
నీ కారు చేసినవాళ్ళు స్టెప్నీకి చోటే వదల్లేదు.
నురుగు డబ్బా ఇస్తాను. గోడ చీలితే మాత్రం
దాంతో గడ్డం గీసుకోవచ్చు.

స్టెప్నీ! వాళ్ళ తాత నోట విన్న మాట.
ఇక్కడికి దగ్గర్లోనే, లనెల్లిలో పుట్టింది,
ఒక వీధి పేరు మీద.
ఓడలెక్కి ఏయే దేశాల్లోనో కాపురం పెట్టింది.
పుట్టింట్లో ఇప్పుడెవరూ ఆ పేరుతో పిలవరు.

"డిక్కీలో పడుతుందేమో పెట్టి చూడు" అన్నాను.

పట్టింది, అడ్డదిడ్డంగా,
ఒక పెట్టె బయటికి తీస్తే.
చచ్చిపోయిన పియానోల దంతపు మెట్లు అందులో,
ఎవరికో ఎప్పుడో పనికొస్తాయని
పదేళ్ళుగా తిప్పుతున్నాను.
దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను.
గర్మోన్ నవ్వలేదు. అందుకే అతని దగ్గరికి వస్తాను.

జాకీ ఎక్కడ ఆనాలో చూపించమన్నాను.
రెండోసారి నేనే పెట్టాను,
షెడ్డులోంచి బండి బయటికి తీయించి, వానలో,
చేతులు జారేలా, కావాలనే.
నట్లు ఊడదీయడానికి పావుగంట పట్టింది.
కొండ మీద చీకట్లో అయితే
ఇంకెంత పడుతుందో అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఇంటికి తిరిగొస్తుంటే
ఎడమ వైపరు కీచుమంటోంది,
పై స్థాయిలో, కాస్త శ్రుతి తప్పి.
ఎన్నాళ్ళ నుంచి అంటోందో.

కొండదారి మలుపు దగ్గర వేగం తగ్గించాను.
పసుపు దీపం వెలగలేదు.
అయినా ఒకసారి దానివైపు చూశాను.